అక్క పరికిణీలు

పక్కింటివాళ్ళు పట్టుచీరలు ఎండకు ఆరేసినప్పుడల్లా కలరా ఉండల వాసన మా బాల్కనీలోకి వస్తుంది. అరవై దాటిన నేను చేస్తున్న పని ఆపేసి, ఒక్క క్షణం నేనెవరినో తేల్చుకోలేక నిలబడిపోతాను.

విజయవాడలో మా ఇంటి వెనక పారే ఏలూరు కాలువలో మా అక్క కమల మునిగిపోయిన మరుసటేడు నేను పుట్టాను. పోయేనాటికి దానికి పదమూడేళ్ళు. పోయిన పిల్లే తిరిగొచ్చిందని మా నాయనమ్మ నమ్మింది, నాకూ కమల అనే పేరు పెట్టించింది. ఏటా ఉగాదికి ముందు కలరా ఉండల వాసన కొట్టే ట్రంకుపెట్టె తెరిచి, ఆ వయసులో అక్క కట్టుకున్న పరికిణీ తీసి, నా నడుముకు ఆనించి చూసి, "నీదేనే, కట్టుకో" అనేది. అక్కకు ప్రాణమని కాకరకాయ వేపుడు నా కంచంలో మారు వడ్డించేది. చేదుకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా బాగుందనేదాన్ని. అట్లతద్దికి నా అరచేతిలో అక్క పెట్టించుకున్న గోరింటాకు చందమామే పండేది. వేసవిలో కాలువకు నీళ్ళు ఆపేస్తే, పిల్లలంతా అడుగున మిగిలిన గుంటల్లో చేపలు పట్టుకుంటుంటే, నాయనమ్మ నన్ను మాత్రం గట్టెక్కనిచ్చేది కాదు. ఆ బురద వాసనా, ఆ కేకలూ పెరటిగోడ దాటి వస్తుంటే, అక్కడ మునిగింది నేనేనేమో అనిపించేది.

డెబ్బైల నడుమ నాకు పద్నాలుగేళ్ళు నిండాయి. ఆ ఉగాదికి నాయనమ్మ పెట్టె అడుగుదాకా తడిమి, ఉత్త చేతులు పైకి తీసింది.

"ఇకమీద నువ్వెట్టా ఉంటావో నాకు తెలవదే" అంది.

మర్నాడు అమ్మ నన్ను రిక్షాలో వన్‌టౌన్‌లోని బట్టల కొట్టుకు తీసుకెళ్ళింది. కొట్టు సాయిబుగారు తానులు పరిచి, ఏ రంగు కావాలని అడిగారు. అక్కకేది ఇష్టమో చెబుతుందని నేను అమ్మ వైపు చూశాను.

"దానికి కాదు. నీకేది కావాలో చెప్పు" అంది అమ్మ.

నాకు తెలియలేదు. ఏడుపొచ్చింది. సాయిబుగారు తానులన్నీ మళ్ళీ ఒక్కొక్కటే విప్పి చూపించారు. చివరికి పండుమిరప ఎరుపు మీద చెయ్యి వేశాను.

పరికిణీ కుట్టి రాగానే కట్టుకుని నాయనమ్మ దగ్గరికి పరుగెత్తాను. బియ్యం చెరుగుతున్న ఆవిడ చేట కింద పెట్టి, నన్ను పాదాల నుంచి ముఖందాకా చూసి, కొత్తవాళ్ళను పలకరించినట్టు, "ఎవరి పిల్లవమ్మా?" అంది.

"నీ రెండో మనవరాలిని, నాయనమ్మా" అన్నాను.

తల ఊపింది. కాసేపటికి ఏడవడం మొదలుపెట్టింది. అక్క పోయినప్పుడు కూడా ఆవిడ ఏడవలేదని అమ్మ తర్వాత చెప్పింది. అప్పట్నుంచీ నన్ను చిన్నమ్మాయ్ అనే పిలిచింది, ఆ వానాకాలంలో తను పోయేదాకా. నేను అడగకుండా కాకరకాయ వడ్డించలేదు. నాకంటూ ఒక ఉనికి దొరికిన ఆ పూటే ఆవిడకు అక్క నిజంగా చచ్చిపోయిందన్న సంగతి ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు.

ఆ ఇల్లు లేదు, అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. అక్కను చూసినవాళ్ళలో ఆఖరిది, తొంభై దాటిన మా అమ్మ, కిందటేడు పోయింది. అక్కకు ఫొటో ఒక్కటీ తీయించలేదు. ఎలా ఉండేదని మొన్న మనవరాలు అడిగితే, పదమూడేళ్ళప్పుడు బళ్ళో తీసిన నా ఫొటో చూపించాను.

"ఇది నువ్వే కదా అమ్మమ్మా" అంది.

కాదన్నాను.