వయోలాలకు కుర్చీ లేదన్నారు

ఆ ఎర్ర పెన్సిలు గీతలు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వయసు మీద పడితే కోపం చల్లారుతుందంటారు. నాకు చల్లారలేదు.

నాది ఆళ్లగడ్డ. చదువు నంద్యాలలో, మిషన్ హాస్టల్లో. అక్కడ ఒక దొరసాని ఉండేది. తన దేశం నుంచి తెప్పించిన వయొలిన్లు, రెండు వయోలాలు, నేలకు ఆనించి కాళ్ల మధ్య పట్టుకుని వాయించే పెద్ద సెల్లో ఒకటి పెట్టుకుని హాస్టలు పిల్లలకూ చర్చికి వచ్చే పెద్దవాళ్లకూ నేర్పేది. వయోలా చూపుకు వయొలిన్ లాంటిదే, కాస్త పెద్దది, గొంతు మాత్రం కిందది. వయొలిన్ పడుచుపిల్ల గొంతైతే, వయోలా పొద్దంతా పనిచేసి వచ్చి నింపాదిగా మాట్లాడే పెద్దామె గొంతు. నాకు ఆ గొంతంటే ప్రాణం.

దొరసాని నాకు వాయించడంకన్నా రాయడమే ఎక్కువ నేర్పింది. ఒక కీర్తనను తీసుకుని ఇన్ని వాద్యాలకు ఎట్లా పంచాలి? కింద సెల్లోకు చోటు వదలాలి, పైకి పోయేకొద్దీ స్వరాలు దగ్గరగా రావాలి. కిందనే అన్నీ ఇరికిస్తే వాన పడ్డ నల్లరేగడిలో నడిచినట్టు ఉంటుంది. పై స్వరాలు వాయించే మొదటి వయొలిన్లు ముగ్గురే ఉన్నప్పుడు వాళ్లను మరీ పైకి తోలకూడదు. ఎవరి వేలు ఎంత పక్కకు పడిందో అందరికీ వినపడుతుంది. తోలక తప్పకపోతే అదే పాటను ఒక స్థాయి కిందుగా రెండో వయొలిన్లకు ఇచ్చి ఆసరా పెట్టాలి. వేలు ఆనించకుండానే మోగే తీగలు ఎక్కువగా పలికే శ్రుతి ఎంచుకుంటే కొద్దిమంది వాయించినా నిండుగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, రాసిన ప్రతి భాగాన్నీ విడిగా నా నోటితో పాడించేది.

"పాడితే నిద్ర వచ్చుచున్నదా? వాయించువారికి కూడా వచ్చును. మరల రాయి" అనేది, తన పుస్తకాల తెలుగులో.

డెబ్బైలు సగం గడిచేసరికి ఆమె తన దేశం వెళ్లిపోయింది. వాద్యాలు చర్చికి వదిలేసింది. నేను నంద్యాలలోనే బడిలో టీచరుగా కుదురుకున్నాను, చర్చిలో రెండో వయొలిన్ వాయించేదాన్ని. వయోలాలు వాయించేవాళ్లు ఇద్దరు. ఒకామె ఆసుపత్రిలో నర్సు, నేను అక్కా అని పిలిచేదాన్ని. రెండో ఆయన శిరివెళ్లలో బడిపంతులు, నాకు అన్న వరస. వయోలాకు పెట్టె లేక, దుప్పట్లో చుట్టి, బస్సులో పసిబిడ్డలాగా ఒళ్లో పెట్టుకుని వచ్చేవాడు.

కొన్నేళ్లకు చర్చి జూబిలీ వచ్చింది. గాయక బృందానికి పెద్దగా ఉన్నాయన కాలేజీలో లెక్చరరు, కమిటీలో మాట చెల్లేవాడు. అందరం ఆయన్ని సార్ అనేవాళ్లం. "దొరసాని కాడ నేర్చుకున్నావు కదా, ఒక కీర్తన నువ్వే రాయమ్మా" అని ఆయనే నన్ను అడిగాడు. సంతోషంతో రాశాను. మొదటి చరణం పాట సెల్లోకు ఇచ్చాను, పైతీగ మీద, మగగొంతు ఎత్తి పాడినట్టు. రెండో చరణం వయోలాలకు. వాళ్లు పాడుతుంటే వయొలిన్లు పైన సన్నగా, ఊపిరి పట్టినట్టు నిలబడాలి, సెల్లో తీగలు మీటాలి. మూడో చరణానికి పాట మొదటి వయొలిన్లకు చేరుతుంది, కింద రెండో వయొలిన్ల ఆసరాతో. సార్ చూసి తల ఊపాడు. ఎండలకు తీగలు సడలిపోతున్నా, మళ్లీ మళ్లీ శ్రుతి చేసుకుంటూ ఆ వేసవంతా సాధన చేశాం. అక్క సాధన కోసం తన డ్యూటీలు మార్చుకునేది.

జూబిలీ దగ్గరపడినాక ఒక శనివారం సాయంత్రం సార్ మా కాగితాలన్నీ దిద్దుకుని తెచ్చాడు. రెండో చరణం మీద అడ్డంగా ఎర్ర గీత. వయోలా కాగితాలు రెండింటి మీదా పై నుంచి కిందికి ఎర్ర గీత.

"ఏంది సార్ ఇది?" అన్నాను.

"పాట పైనుండాలమ్మా. బిషప్పు వస్తాండారు. వయొలిన్లన్నీ పాటే వాయిచ్చండి, సెల్లో కింద పట్టుకుంటాది. ఆ మధ్యలో గుయ్యిమనేది ఎవురికి వినపడుతుంది?"

"వినపడేదానికి కాదు సార్, నిలబెట్టేదానికి. అది తీసేస్తే తెలుస్తుంది."

ఆయన నా మాట విననట్టే వయోలాల వైపు తిరిగాడు. "మీరు ఈసారికి వద్దులేప్పా. ఆ రెండు కుర్చీలేస్తే పెద్దోళ్లు నడిచేదానికి జాగా చాలదు."

అక్క ముఖం ఎర్రబడింది. "కుర్చీ లేకుంటే నిలబడి వాయిస్తాం సార్. కూర్చునేదానికి వచ్చినామా యేం మేము?"

"వద్దులే అంటి కదమ్మా."

అన్న వాయించే విల్లు వదులు చేసి, వయోలాను దుప్పట్లో చుట్టడం మొదలుపెట్టాడు. అది చూశాక నా నోరు ఆగలేదు.

"వాళ్లు లేకుండా ఒక్కసారి వాయించి వినండి సార్. విన్నాక చెప్పండి."

వాయించాం. పైన వయొలిన్లు కీచుమంటున్నాయి, ఎక్కడో అడుగున సెల్లో మూలుగుతోంది. పైన రేకులు, కింద బండలు, మధ్యలో గోడల్లేని ఇల్లు అది. సార్ ముఖంలోకి చూశాను. ఆయనకు తెలిసింది. తెలిసి కూడా "బాగుండాది. ఇట్లనే కానీండి" అన్నాడు. ఆ అబద్ధమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

"అందరూ ఒకే పాట వాయించేదానికి నేనెందుకు సార్? నేనూ బెంచీల్లో కూర్చుంటా."

"నీకు కోపం రొంత ఎక్కువమ్మా. ఆడపిల్లకు అంత పనికిరాదు."

"మగోళ్లకైతే పనికొస్తాదా సార్?" అని వయొలిన్ పెట్టెలో పెట్టేశాను.

జూబిలీ రోజు మేం ముగ్గురం వెనక బెంచీలో కూర్చున్నాం. వయొలిన్లు పైపైకి పోయి, ఒకదానితో ఒకటి కలవక ఏడ్చాయి. జనం గొంతు కలపబోయారు గానీ అంత పైశ్రుతి ఎవరికి అందుతుంది? ఒక్కొక్కరే నోరు మూసుకున్నారు. అయినా చప్పట్లు కొట్టారు. అచ్చువేసిన కాగితంలో కూర్పు సార్‌దని ఉంది. అక్క నా మోచేయి గట్టిగా పట్టుకుంది, నేను లేస్తానేమోనని. కోపంలోనూ నాకొక సంగతి తట్టింది. ఆ వినపడిన దానికి నా పేరు లేకపోవడమే మేలు.

ఆ సంవత్సరమే కోత పండుగకు ఆళ్లగడ్డలో మా పాస్టరు అయ్యగారు వాయించమని అడిగాడు. చిన్న చర్చి. అక్క, అన్న, నంద్యాలలో సెల్లో వాయించే ఆయన వచ్చారు. వయొలిన్లకు నేనూ, హాస్టల్లో నాతో నేర్చుకున్న ఇద్దరూ. నేను రాసింది రాసినట్టే వాయించాం. రెండో చరణం వయోలాలు ఎత్తుకోగానే ముందు వరుసలో కింద చాప మీద కూర్చున్న ఒక ముసలామె, ఎవరూ అడక్కుండానే, పాడడం మొదలుపెట్టింది. అది ఆమె గొంతుకు సరిగ్గా సరిపోయే ఎత్తు. ఆమె వెనక ఇంకొకరు, తర్వాత చర్చంతా. అన్న కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు, చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. ఆ ఎర్ర గీతలకు సమాధానమంటే నాకు అదే. బిషప్పు లేడు, అచ్చుకాగితం లేదు, పాడేవాళ్లు మాత్రం ఉన్నారు.

నంద్యాలలో ఎవరూ దాని గురించి అడగలేదు. ఎనభైలలో అక్కడికి కరెంటు కీబోర్డు వచ్చింది. దానికొక మీట ఉండేది. అది నొక్కి, కుడిచేత్తో స్వరాలన్నీ ఒక గుప్పెట్లో కూరితే, అవే వయొలిన్లంట! ఊపిరి పీల్చే చోటు లేదు, విల్లు తిరిగే చోటు లేదు, ఒక గొంతు పక్కకు జరిగి ఇంకో గొంతుకు దారి ఇవ్వడమనేదే లేదు. అది విని జనం అబ్బా అంటుంటే నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చునేదాన్ని.

తర్వాత నేను ఆళ్లగడ్డ బడికి బదిలీ అయ్యాను. చర్చికి తిరిగి అప్పజెప్పిన వయోలాలు నంద్యాల చర్చి సామాన్ల గదిలో, విరిగిన బెంచీల కింద పడి ఉన్నాయని అక్క చెప్పింది. పోయి కమిటీని అడిగాను.

"ఆ పెద్ద వయొలిన్లా? ఏం చేసుకుంటావమ్మా వాటిని? తీస్కపో" అన్నారు.

ఇవ్వనంటారేమో, పోట్లాడాలి అనుకుని పోయాను. అంత సులభంగా ఇచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. రెండింటినీ దుమ్ము దులిపి, చీరకొంగుతో తుడిచి, ఆళ్లగడ్డ బస్సెక్కాను. మరుసటి వారం బడిలో ఇద్దరు ఆడపిల్లలకు వాటిని చేతికిచ్చాను. మొదటిరోజే వాళ్లకు పాట రాసిపెట్టాను, తోడుగా మోగే స్వరాలు కాదు, పాటే.