మా ఆవిడ ఎడమచెయ్యి

మొన్న మంగళవారం పొద్దున్న నేను మా ఆవిడకి అబద్ధం చెప్పాను. ముందే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం తేలికవుతుందనుకున్నాను గాని, కావడం లేదు.

నాలుగేళ్ల క్రితం డయాలసిస్ కోసం ఆవిడ ఎడమ మణికట్టు పైన రెండు రక్తనాళాలని కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు దాన్ని. వారానికి మూడుసార్లు సూదులు గుచ్చేది అక్కడే; ఆవిడ ప్రాణం ఆ నాలుగంగుళాల మేర మీద ఆధారపడి ఉంది. అది పనిచేస్తున్నంతకాలం చర్మం కింద రక్తం జుమ్మని అదురుతూ ఉంటుందనీ, పొద్దున్నా సాయంత్రం వేళ్లు ఆనించి చూసుకోవాలనీ, అదురు లేకపోతే వెంటనే పరుగెత్తుకు రావాలనీ డాక్టరు చెప్పారు. సుగరు వల్ల మా ఆవిడ వేళ్లకి స్పర్శ మందగించింది కనక ఆ పని నాకు వచ్చింది.

మంగళవారం కూడా ఎప్పటిలాగే చెయ్యి చాపి, "సూసేవా మావా?" అంది. మా పెద్దక్క కూతురు కాబట్టి, పెళ్లయి నలభై ఏళ్లు దాటినా నేను ఆవిడకి మావనే. "సూసేను. ఆడతంది," అన్నాను. నిజానికి నా వేళ్లకి ఏమీ తెలియలేదు.

ఎందుకు తెలియలేదో చెప్పాలంటే మునగపాక దగ్గర మా ఊళ్లో బెల్లం వండిన రోజుల్లోకి వెళ్లాలి. చెరకు రసం పెద్ద పెనంలో మరిగి మరిగి, నురగ తగ్గి, చిక్కబడి పొంగడం మొదలెట్టాక పెనం దించడానికి తగిన ఘడియ ఒక్కటే ఉంటుంది; ముందు దించితే దిమ్మ కట్టదు, ఆలస్యమైతే మాడి నల్లబడిపోతుంది. ఆ ఘడియని మేం వేళ్లతోనే పట్టేవాళ్లం. చన్నీళ్లలో మూడు వేళ్లు ముంచి, తడి ఆరకముందే ఉడుకుతున్న పాకాన్ని చటుక్కున అందుకుని, మళ్లీ నీళ్లలో పెట్టి ఉండ చేసి చూడాలి. నాన్న దగ్గర నేర్చుకున్న ఆ విద్యలో, నాకు పాతికేళ్లు నిండకుండానే పేరొచ్చింది, ఎలమంచిలి వైపు రైతులు కూడా సైకిలు తెచ్చి ఎక్కించుకుపోయేవారు. కొత్తగా కాపరానికొచ్చిన మా ఆవిడ మధ్యాహ్నం అన్నం పట్టుకొచ్చి, పొయ్యి సెగకి దూరంగా చెరకు పిప్పి మీద కూర్చుని, పాకం దిగేదాకా నన్ను పలకరించేది కాదు. సాయంత్రం కాలిన వేళ్లకి వెన్న రాస్తూ తిట్టేది. ఆ పొగ వాసన, ఆకులో పెట్టుకుని ఊదుకుంటూ తిన్న ఆ వేడి బెల్లం, నా వయసు వాళ్లకి వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడా గానుగలు చాలామటుకు మూతబడ్డాయి. ముప్పై ఏళ్లు కాలిన నా వేళ్ల కొసలు చెప్పు తోలులా గట్టిపడ్డాయి. చొక్కా గుండీ అయినా కళ్లతో చూసుకుంటేగాని పెట్టుకోలేను. పేరు మాత్రం మిగిలింది.

ఆపరేషనయ్యాక నర్సు నా వేళ్లు పట్టుకుని ఆ చోట పెట్టి, తెలుస్తోందా అని అడిగింది. పక్కనే ఉన్న మా ఆవిడ తమ్ముడు, "మావకి తెలకపోడమేటమ్మా, పాకం పట్టినోడు!" అన్నాడు. అందరూ నవ్వారు. తెలుస్తోందన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి సిగ్గుపడి, నాలుగేళ్లపాటు రోజుకి రెండుసార్లు అదే మాట అంటూ వచ్చాను. మిగతా జాగ్రత్తలకి మాత్రం లోటు చేయలేదు. ఆ చేత్తో నీళ్ల బిందె ఎత్తనివ్వలేదు, గాజులు వేసుకోనివ్వలేదు, బీపీ చూడ్డానికి ఆ చేతికి పట్టీ చుట్టబోయిన వాళ్లమీద అరిచాను. చూసినవాళ్లు భార్యని ఎంత బాగా చూసుకుంటున్నాడో అనేవారు. నేనూ కాదనలేదు.

ఆ మంగళవారం అనకాపల్లి డయాలసిస్ సెంటర్లో సూదులు పెట్టే అమ్మాయి ఆ చెయ్యి పట్టుకుని చూసింది. మళ్లీ చూసింది. స్టెతస్కోపు పెట్టి విని, వెళ్లి డాక్టరుగారిని పిలుచుకొచ్చింది. లోపల రక్తం గడ్డకట్టిందన్నారు ఆయన. తొందరగా విశాఖపట్నం తీసుకెళితే గడ్డ తీసి కాపాడవచ్చు, కాని ఎప్పుడు ఆగిందన్నదాన్ని బట్టి ఉంటుంది, ఆఖరుసారి అదురు ఎప్పుడు తెలిసింది అని అడిగారు.

"పొద్దున్న ఉందండి," అంది మా ఆవిడ నాకంటే ముందే. "మా మావ ఏలెట్టి సెప్పేడంటే తిరుగుండదండి. బెల్లం పాకం పట్టిన సెయ్యి."

డాక్టరుగారి మొహం తేటపడింది. అయితే టైముందని ఫోను తీశారు. నేను ఊరుకుంటే ఆ తప్పుడు మాటే ఆవిడతోపాటు ఆపరేషన్ గదిలోకి వెళుతుంది.

"పొద్దున్న నాకేమీ తెలీలేదండి," అన్నాను. "నిన్నా తెలీలేదు. ఈ నాలుగేళ్లలో ఒక్కసారీ తెలీలేదు."

ఆయన ఫోను దించేశారు. మా ఆవిడ నన్నే చూస్తూ, "మరి రోజూ ఆడతందని సెప్పీవోడివి కదేటి?" అంది.

అంతకుముందు శనివారం డయాలసిస్ అయి ఇంటికొచ్చాక ఏ గంటలోనో ఆగి ఉంటుందట. ఆదివారమే తెలిసుంటే వేరుగా ఉండేదేమోనని విశాఖపట్నం సర్జనుగారు మెల్లగా అన్నారు. గడ్డ తీయబోయారు, నాళం నిలవలేదు. డయాలసిస్ ఆగకుండా మెడ దగ్గర గొట్టం వేశారు. అందులో క్రిములు చేరితే ప్రమాదమట. కుడిచేతికి కొత్తది కుడతారు గాని, నాళాలు సన్నగా ఉన్నాయి, పనికొస్తుందో లేదో చెప్పలేమన్నారు. రెండు రోజులు నాతో మాట్లాడని మనిషి, మూడోనాడు మెడకి కట్టుతో పడుకునే అంది: "నీ ఏళ్లు బెల్లం కాల్సీసింది, సరే. నోరెవుడు కాల్సీసేడు మావా?"

ఆ వారం శనివారం సెంటర్లో, ఇంకా సూదులు పెట్టకముందు, పక్క మంచం ఆయన దగ్గరికి వెళ్లాను. రాజయ్యపేట మనిషి, ఒకప్పుడు సముద్రం మీద చేపల వేటకెళ్లేవాడు, ఆయన చేతికీ ఫిస్టులా ఉంది. ఆ శబ్దం ఎలా ఉంటుందో నాకు తెలీదు, ఒక్కసారి వినిపించమని అడిగాను. "సెవెట్టుకో బావా, అరిగిపోదులే," అని చెయ్యి చాపాడు. చెవి ఆనించాను. వినిపిస్తోందా తాతగారూ అని సూదులు పెట్టే అమ్మాయి అడిగితే, లేదమ్మా అన్నాను. ఆ మాట అనడం అంత కష్టమేమీ కాదని అప్పుడు తెలిసింది. ఆమె నా తలని కాస్త మోచేతి వైపు జరిపింది. సర్రు సర్రుమంటూ, ఎక్కడా ఆగకుండా, లోపల ఏదో పరుగెడుతున్న చప్పుడు.

"ఇనబడతందేటి?" అంది మా ఆవిడ తన మంచం మీంచి.

వినబడుతోందన్నాను. ఆవిడ నన్ను వదిలి ఆయనవైపు తిరిగి, "నిజమేనేటన్నా?" అని అడిగింది.

నేను లేచి, ఆ అమ్మాయిని బతిమాలి స్టెతస్కోపు తీసుకుని, ఆయన్ని మా ఆవిడ మంచం దగ్గరికి పిలిచి, గొట్టాలు ఆవిడ చెవులకి పెట్టాను. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది.

"నా సెవులు బాగానే ఉన్నాయి కదా మావా, ఇన్నాళ్లూ," అంది.

ఇంటికెళ్తూ దారిలో మందుల షాపులో అలాంటి స్టెతస్కోపే ఒకటి కొని ఆవిడ చేతికిచ్చాను. కొత్తది కుట్టాక, అది పనికొస్తే, పొద్దున్నా సాయంత్రం ఆవిడే వింటుంది. ఇక ఆ చెయ్యి నా ముందుకి చాపదు.