గోడ అవతలి కుట్టుమిషను

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం నన్ను మీ ముందు నిలబెట్టిన దేవునికి వందనాలు! మట్టెవాడలో మా ఇంటి ముందు గోడకు ఆనుకుని ఉన్న మడిగె సంగతి మీలో చాలామందికి తెలుసు, ఎందుకంటే పోయిన ఏడాదంతా కనిపించిన ప్రతివాళ్ళ దగ్గరా నేను ఆ ఏడుపే ఏడ్చాను. మా ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక నాకున్న ఆధారమల్లా ఆ ఒక్క షట్టరు గది, దాని కిరాయితోనే నా బియ్యం, కరెంటు బిల్లు, షుగరు మందులు అన్నీ గడిచేవి, అలాంటిది అందులో ఉన్న దర్జీ సదానందం ఉన్నట్టుండి కిరాయి ఇవ్వడం మానేశాడు!

అడిగితే మొదట్లో "వచ్చే నెల ఇస్త అక్కా" అనేవాడు, తర్వాత తర్వాత నేను కనిపిస్తేనే తల తిప్పుకునేవాడు. పొద్దున్నే షట్టరు ఎత్తుతాడు, సాయంత్రం దాకా కూర్చుంటాడు, పైసా రాల్చడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక పూట మందులు మానేసి ఇంకో పూటకు దాచుకున్నాను, కాళ్ళకు తిమ్మిర్లు మొదలయ్యాయి, మంచం మీద వాలితే నిద్రకు బదులు సదానందమే వచ్చేవాడు! చివరికి మా అల్లుడు, "ఊకె అడుగుడేంది అత్తమ్మా, సోమారం నలుగురు పోరగాళ్లను తీస్కొస్త, సామాన్లు రోడ్డు మీదేస్తం" అంటే, సరే అన్నాను.

ఆ ఆదివారం మందిరం నుంచి వచ్చి మోకరించాను. "ప్రభువా, వాని మనసు మార్చు, లేకపోతే వాన్నే ఇక్కడికెల్లి మార్చు, నా మడిగె నాకు ఇప్పించు తండ్రీ!" అని గోడ అవతలికి వినపడేలా గట్టిగా ప్రార్థించాను. సగం దేవునికి, సగం సదానందానికి! ఆమేన్ అన్నాక లేవబోయి ఆగాను. ఇంట్లో చప్పుడు లేదు. అతని మిషను ఆ గోడకే ఆనించి ఉంటుంది, ఒకప్పుడు అది నా ప్రార్థన సాగనివ్వకపోతే "ప్రభువా, ఆ టకటక జర ఆపు" అని విసుక్కునేదాన్ని. అది ఆగి ఎన్నాళ్ళయిందో! కిరాయి ఎప్పుడు ఆగిందో నాకు కంఠతా వచ్చు, మిషను ఎప్పుడు ఆగిందో తెలియనే తెలియదు. సహోదరులారా, దేవుడు ఆ నిశ్శబ్దంలోనే నాతో మాట్లాడాడు!

లేచి నేరుగా మడిగెలోకి వెళ్ళాను. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. "మిషను నడుస్తలేదేంది సదానందం?" అన్నాను. కిరాయి మాట ఎత్తనందుకేమో, అంత మనిషీ ఏడ్చేశాడు. "బండి మీదికెల్లి పడ్డనక్కా, కుడి శెయ్యి పైకి లేస్తలేదు, కత్తెర పట్టరాదు. ఎవలకన్న తెలిస్తే గిరాకి వేరే దిక్కు పోతదని షట్టరు తీసి ఉత్తగనే కూసుంటున్న."

మా అల్లుడికి ఫోన్ చేసి, "సోమారం రా బిడ్డా, పోరగాళ్లు వద్దు, నీ ఆటో చాలు, సదానందాన్ని దవాఖానకు తీస్కపో" అన్నాను, గొణుక్కుంటూనే వచ్చాడు. చేతికి వ్యాయామం చెప్పారు, టైం పడుతుందన్నారు. చిన్నప్పుడు మన సంఘంలో కుట్టు నేర్చుకున్నదాన్ని కాబట్టి అతను కొలతలు చెబితే నేను కత్తిరించాను, అతను మెల్లగా కుట్టాడు. మొదట్లో నేను పాడుచేసిన జాకెట్లు ఎవరివో వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, క్షమించండి! వచ్చినదాంట్లోంచి ముందు నా మందులకు తీసిచ్చి, తర్వాతే తన ఇంటికి తీసుకెళ్ళేవాడు.

ఇప్పుడు నెలనెలా కిరాయి ఇస్తున్నాడు. పాత బాకీ కొంత మిగిలే ఉంది, కానీ దానివల్ల నాకిప్పుడు నిద్ర చెడడం లేదు, ఆ కోపంలోనుంచీ ఆ భయంలోనుంచీ నా తండ్రి నన్ను విడిపించాడు, హల్లెలూయ! నేను ఆపమన్న ఆ టకటక మొదలయ్యాకే ఇప్పుడు మోకరిస్తున్నాను.

అడిగి అడిగి అలసిపోయినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఆయన్ను నమ్మండి, ఆమేన్ అన్న వెంటనే లేచిపోకుండా కాసేపు వినండి. ఇంకొక్క మాట, క్రిస్మస్ బట్టలు సదానందానికే ఇవ్వండి, భయపడకండి, కత్తెర నా చేతిలో లేదు. నేను వేసుకున్న ఈ జాకెట్టు అతనే తన కుడిచేత్తో కత్తిరించాడు. దేవునికే మహిమ!