గిన్నె అడుగున గీతలు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. పెద్దదేం కాదు. దానివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, ఎవరూ నన్ను నిలదీయలేదు. బహుశా అందుకే ఇంతకాలం మోయగలిగాను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

తొంభైల చివర్లో మాదాపూర్‌లో ఒక కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం వచ్చి కాకినాడ నుంచి వచ్చాను. చందానగర్‌లో అనసూయక్క ఇంటి మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. అక్కది ఆ చుట్టుపక్కల ఊరే, బడిలో టీచరు. ఆమెకొక పిచ్చి ఉండేది. పాతకాలపు గాజు సామాను. రంగు గాజును అచ్చులో నొక్కి చేసిన గిన్నెలు, పళ్లేలు. అంచులు మాత్రం పాలు కలిపినట్టు తెల్లగా ఉంటాయి. ఎండకు ఎత్తి పట్టుకుంటే ఆ తెలుపులో నిప్పు రంగు కనబడుతుంది. నవాబుల కాలంలో ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చినవి. అక్క వాటిని పాలంచు గాజు అనేది. ఆదివారాలు ఎర్రగడ్డ పాత సామాన్ల బజారులో వెతికేది. తిప్పి చూసి, వేలితో తడిమి, పాతదో కొత్తదో చెప్పేసేది. గాజు పెంకుల మీద డబ్బు తగలేస్తోందని వాళ్లాయన ఎగతాళి చేసేవాడు. అయినా ఆ అద్దాల బీరువా ముందు నిలబడితే అక్క ముఖంలో ఒక ధీమా ఉండేది. ఆ ఇంట్లో ఆమెది అంటూ ఉన్నది అదొక్కటే.

ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆఫీసులో ఇంటర్నెట్ వచ్చాక అందులోనూ చదివి, ప్రింట్లు తీసి తెచ్చి అక్కకు వినిపించేదాన్ని. అప్పటినుంచి, నేను కంప్యూటర్‌లో చూశానంటే చాలు, అక్క తన కన్నును పక్కనబెట్టి నా మాట వినేది. నాకది బాగుండేది.

ఒక ఆదివారం ఆమెకు నీలం గిన్నె దొరికింది. కుచ్చిళ్లలాంటి అంచు. అంత మంచిది నేను అంతవరకూ చూడలేదు. ఆ బజారులో మాలాంటివాళ్ల మధ్య ఒక మర్యాద ఉంది. వస్తువు ఒకరి చేతిలో ఉన్నంతసేపు రెండోవాళ్లు బేరం అడగకూడదు. ఆమె దాన్ని కింద పెట్టాలి. ఆ క్షణంలో నాకు అంతకుమించి ఏమీ తోచలేదు.

"జర చూడు చెల్లె, పాతదే గద?"

బోర్లించి చూశాను. అడుగున సన్నటి గీతలు. ఏళ్ల తరబడి బల్లల మీద జరిగితే పడేవి. పాతదనానికి అదే గుర్తని నాకు చెప్పిందే అక్క.

"కొత్తదే అక్కా. ఈ గీతలు ఉప్పుకాగితంతో కావాలని గీస్తారట. గీతలుంటే నకిలీదేనని ఇంటర్నెట్‌లో రాశారు."

"అవునా? ఇన్ని దినాలు నేను ఉల్టా అనుకున్న గదనే!"

గిన్నె కింద పెట్టేసింది. ఆమె ముందుకు నడిచాక నేను వెనక్కి వచ్చి కొనుక్కుని, సంచిలో చున్నీ కింద దాచాను.

అక్కడితో ఆగితే అదొక చిన్న దొంగబుద్ధి, అంతే. కానీ అక్క ఇంటికెళ్లి బీరువాలో ఉన్నవన్నీ బోర్లించి చూసింది. అన్నిటికీ గీతలున్నాయి. ఎందుకుండవు? అన్నీ పాతవే కదా. మర్నాడు వాళ్లాయన నవ్వు మేడ మీదికి వినబడింది.

శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చినవాళ్లకు వాటిలోనే శనగలు పోసి, ఎవరికన్నా పనికొస్తాయని ఒక్కొక్కటీ ఇచ్చేసింది. నేనూ వెళ్లాను. బొట్టు పెట్టించుకున్నాను. ఆకుపచ్చ గిన్నె నా చేతికొచ్చింది. అప్పుడైనా నోరు విప్పొచ్చు, అమ్మలక్కలందరూ ఇంకా ఆ ముందుగదిలోనే ఉన్నారు. ఎందుకు విప్పలేదు? నీలం గిన్నె పోతుందనా? కాదు, దాన్ని ఇచ్చేయగలిగేదాన్నే. అన్నీ తెలిసిన కంప్యూటర్ పిల్లగా ఆమె ముందు నిలబడటాన్ని వదులుకోలేకపోయాను. ఇంతకంటే మంచి కారణం కోసం ఏళ్లతరబడి వెతుక్కున్నాను. దొరకలేదు.

అక్క మళ్లీ ఎర్రగడ్డకు రాలేదు. అద్దాల బీరువాలో వాళ్లాయన పాత పేపర్లు పెట్టుకున్నాడు. నేను ఇల్లు ఖాళీ చేసే ముందు ఒకసారి మార్కెట్లో కలిసింది. మామూలు టీ గ్లాసులు కొంటోంది. నన్ను చూడగానే వాటిని నా వైపు జరిపి, నాకేం తెల్వదు, నువ్వే ఏరి పెట్టు చెల్లె అంది. ఏరి పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా ఏరి పెట్టాను.

ఆ రెండు గిన్నెలూ నా దగ్గరే ఉన్నాయి. చూసినవాళ్లు నా కన్నును మెచ్చుకుంటారు. అక్క చందానగర్‌లోనే ఉందని విన్నాను. క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లదు. మీరూ క్షమించనక్కర్లేదు. ఇలా రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, నాకు దక్కేది అంతే. ఆమెతో అనాల్సిన మాట ఒక్కటుంది. అది ఇక్కడే అంటాను.

అవన్నీ అసలైనవే అక్కా. మీ కన్ను ఒక్కసారి కూడా తప్పలేదు.