వరస నిలవని ఫైలు

ధనకోటి అన్నకు చూపు పోతోందని మా ఆఫీసులో తెలిసింది నాకొక్కడికే. తెలిసి నేను చేసిందేమీ లేదు. చేయడానికి ఏమైనా ఉంటే కదా! రేచీకటి ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉంది. నలభై దాటాక అది పగటిలోకి కూడా వచ్చింది. పక్కల నుంచి చూపు మూసుకుపోతూ వచ్చి, నడిమధ్యన కాస్త మిగిలింది. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందనేవాడు. చెన్నైలో కంటి డాక్టరు దీనికి మందు లేదని చెప్పేశాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి పొద్దుటి నుంచి కూర్చోబెట్టారని అన్న నవ్వాడు. నాకైతే ఒళ్లు మండింది.

మా ఆఫీసు తిరువళ్లూరులో, ఒక పాత్రల కొట్టు పైన. స్కూళ్లకూ, క్లినిక్కులకూ, కల్యాణ మండపాలకూ వెబ్‌సైట్లు చేసిపెడతాం. ఓనరు ఏళుమలై సారు. అన్నది తిరుత్తణి, రోజూ లోకల్ రైల్లో వచ్చిపోతాడు. దిగేసరికి చీకటి పడితే ప్లాట్‌ఫారం అంచు కనబడదు. అందుకని వాళ్లావిడ కోకిల వదిన స్టేషనుకొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. తెలియనివాళ్లు ఆ ఇద్దరినీ చూసి ముచ్చటపడతారు. సంగతి సారుకు తెలిస్తే ఫైళ్ల పని పోతుందని అన్నకు భయం. ఈ వయసులో ఇంకో పని నేర్చుకోవడానికి కావలసింది కూడా ఆ కళ్లే.

ఇంత తక్కువ చూపుతో కోడ్ ఎలా రాస్తాడని నేనూ అడిగాను. కోడ్‌లో ఒకదాని లోపల ఇంకొకటి ఉంటుంది. లోపలున్నదాన్ని ఎడమ అంచు నుంచి కాస్త జరిపి రాస్తారు. దాని లోపలిది ఇంకాస్త జరుగుతుంది. మా పేజీల వరకు కంప్యూటరుకు దీనితో పనిలేదు, చదివే మనిషి కోసమే ఇదంతా. మనబోటివాళ్లం స్క్రీనంతా ఒక్క చూపులో చూసి ఏది దేని లోపలుందో తెలుసుకుంటాం. అన్నకు కనిపించేది ఒక్క లైను, అందులోనూ నాలుగు మాటలు. ఆ లైను అంచుకు ఎంత లోపలగా ఉందో చూసి తానెక్కడున్నాడో చెప్పేస్తాడు. దాన్ని అందరిలా ఇండెంట్ అనడు. వరి నాట్లలో అనే మాటే అంటాడు, వరస అని.

"వరస నిల్చినాదంటే నాకు కండ్లతో పనిలే మోహనా" అనేవాడు. గొప్పలు పోతున్నాడనుకున్నాను మొదట్లో. గొప్ప కాదు, ఆయనకు మిగిలిందే అది.

పాతవాడొకడు మానేసి వెళ్లి, వాడు చూసే క్లినిక్ సైటు అన్న నెత్తిన పడ్డాక అసలు చిక్కు మొదలైంది. అవన్నీ టెంప్లేట్ ఫైళ్లు. వాటిలో రెండు భాషలుంటాయి. పేజీ ఎలా ఉండాలో చెప్పేది ఒకటి. దాని మధ్యలో దూరి, ఫలానా అయితే ఇది చూపించు, కాకపోతే అది చూపించు అని షరతులు పెట్టేది రెండోది. మా మాటా అంతే. తెలుగులో ఎత్తుకుని అరవంలో దించుతాం, నడుమ ఆఫీసు మాటలన్నీ ఇంగ్లీషు. మా ఇళ్లలో ఎవరికీ తికమక లేదు. మేం కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్‌కు, అదే ఎడిటర్‌కు, అంత తెలివి లేదు. ఎంటర్ కొట్టగానే తర్వాతి లైనును తానే సరైన చోట నిలబెట్టాలి. ఒక్క భాషే ఉంటే బుద్ధిగా నిలబెడుతుంది. రెండోది ఎదురుపడిందా, లైనును తీసుకెళ్లి ఎక్కడో పడేస్తుంది. నేనైతే నాలుగు తిట్లు తిట్టి సరిచేసుకుంటాను. అన్న అక్కడితో దారి తప్పేవాడు. మళ్లీ ఫైలు మొదటికి పోయి తడుముకుంటూ రావాలి.

స్క్రీన్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకోమన్నాను.

"పెట్టినా. అది చదివేది కూడా ఈ వరసనే కదా. తప్పును గట్టిగా చదువుతాది, అంతే" అన్నాడు.

దాంతో ఎడిటర్‌నే బాగుచేయడానికి కూర్చున్నాడు. అది అందరికీ ఉచితంగా దొరికే ఎడిటరు. దాని లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్పు రాసి దాన్ని చూసుకునేవాళ్లకు పంపొచ్చు. మధ్యాహ్నం డబ్బా తినేటప్పుడు ఒక చేతిలో పెరుగన్నం, ఒక చెయ్యి కీబోర్డు మీద. రైల్లో కూడా అదే ఆలోచన. ఏళుమలై సారు అటుగా పోతూ "ఏమప్పా, లోకానికంతా సేవనా?" అని ఎగతాళి చేసేవారు. ఔను సార్ అని అన్న తల ఊపేవాడు.

ఎడిటరు బోల్తా పడే చోటు అన్న కనిపెట్టాడు. ఆ క్లినిక్ ఫైళ్లలో, రోగి కొత్తవాడైతే పేజీ మీద ఒక రకం పెట్టె తెరువు, పాతవాడైతే ఇంకో రకం తెరువు అని ఉంటుంది. కింద మూసేది మాత్రం ఒక్కసారే. నడిచేటప్పుడు రెంటిలో ఒకటే తెరుచుకుంటుంది కాబట్టి అది సరే. ఎడిటరు మాత్రం రెండు తెరిచినట్టు లెక్కేసి, అక్కడి నుంచి ఫైలు చివరిదాకా ప్రతి లైనునూ ఒక మెట్టు లోపలికి తోసేది. 'కాకపోతే' అనే షరతు రాగానే మొదటి లెక్క మరిచిపోయి షరతు మొదలైన చోటికి తిరిగి రావాలని అన్న దానికి నేర్పాడు. అది పనిచేసిన పొద్దు నన్ను పిలిచి ఎంటర్ మీద ఎంటర్ కొట్టి చూపించాడు. లైన్లన్నీ చెప్పినట్టు నిలబడ్డాయి. ఆయన ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

ఆ సంతోషం క్లినిక్‌లో డాక్టర్ల పేజీ తెరిచేదాకానే. డాక్టర్ల ఫొటోలు మూడేసి ఒక బారుగా రావాలి. దాని కోసం ఆ మానేసి వెళ్లినవాడు ఒక షరతు కింద పెట్టె తెరిచి, ఎక్కడో దిగువన ఇంకో షరతు కింద మూశాడు. డాక్టర్లు ముగ్గురుంటే ఒక రకంగా మూతపడుతుంది, ఐదుగురుంటే ఇంకో రకంగా. పేజీ నడిస్తే గానీ తేలదు. ఫైలును చదివి చెప్పడం ఎడిటర్ వల్లా కాదు, మనిషి వల్లా కాదు. అన్న దానితో నెలల తరబడి కుస్తీ పట్టాడు. ఒకవైపు సరిచేస్తే ఇంకోవైపు ఒరిగేది. చివరికి తన మార్పులన్నీ పంపి, దీనికి దారేమైనా ఉందా అని అడిగాడు. రోగుల పెట్టె మార్పు తీసుకుంటామనీ, డాక్టర్ల పేజీకి మాత్రం ఏ ఎడిటరూ జవాబు చెప్పజాలదనీ, అలాంటి ఫైలును తిరగరాసుకోవడం మేలనీ ఎడిటర్‌ను చూసుకునేవాళ్లు మర్యాదగా రాశారు. అందులో తప్పు పట్టడానికి ఒక్క మాట లేదు. నాకు మరీ కోపం వచ్చింది.

అన్న సారు దగ్గరికి పోయాడు.

"సార్, ఆ డాక్టర్ల ఫైల్ నేను మొదటి నుంచి తిరగరాస్తాను."

"నడస్తా ఉండే బండిని ఎందుకప్పా ఊడదీసేది? క్లినిక్కోళ్లు అడిగినారా?"

"అడగలే సార్. అందులో నేను యాడ ఉండానో నాకు తెలీడంలే."

"యాడ ఉండావా? తిరువళ్లూరులో ఉండావు, పో" అని సారు పకపకా నవ్వారు. అన్న కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆడికృత్తిక పండగ వచ్చింది. తిరుత్తణి కొండకు కావళ్లతో జనం, రైళ్లలో కాలు పెట్టే చోటు లేదు. క్లినిక్ పెద్ద డాక్టరు ఊళ్లో ఉండరట, ఆ రోజు క్లినిక్ మూసేస్తారట, ఆ సంగతి డాక్టర్ల పేజీలో పెట్టమని ఫోన్ చేశారు. అన్న పెట్టాడు. పేజీ తెరిచి, దగ్గరగా వంగి, కనబడుతోందని రూఢి చేసుకున్నాడు కూడా. అది పడింది మాత్రం స్టాఫ్ లాగిన్ అయితేనే చూపించే షరతు లోపల. అన్న స్టాఫ్ లాగిన్‌తోనే చూశాడు మరి. బయటివాళ్లెవరికీ కనబడలేదు. పెరియపాళయం నుంచి వచ్చినవాళ్లు తలుపుకు తాళం చూసి తిరిగిపోయారు. పళవేర్కాడు నుంచి పొన్నేరి మీదుగా జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకొచ్చిన ఒకామె అక్కడే కూర్చుని ఏడ్చిందని క్లినిక్ వాళ్లు ఫోన్‌లో కేకలేశారు.

సారు అందరినీ పిలిచి ఎవరు చేసినారని అడిగారు. నేను ఏదో అడ్డం వేయబోయాను. అన్న నా చెయ్యి నొక్కాడు.

"నేనే సార్. నాకు కండ్లు అగపడవు. చానా రోజులుగా అగపడవు."

సారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. "ముందే చెప్పకూడదా ధనకోటీ" అన్నారు మెల్లగా. మర్నాటి నుంచి అన్నకు గుమ్మం పక్కన బల్ల, దాని మీద ఫోను. వచ్చిన కాల్స్ తీసి సమాధానం చెప్పాలి. పని పోలేదు కదా అని అందరూ ఊరడించారు. అన్న ఆ బల్ల ముందు బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా కూర్చునేవాడు. ఆ డాక్టర్ల ఫైలును సారు నాకిచ్చారు. నెమ్మదిగా తిరగరాయమని కూడా అన్నారు, ఇప్పుడు!

వానలు పట్టాక ఎడిటర్ కొత్త వెర్షన్ వచ్చింది. అన్న రాసింది అందులో ఉంది. ఎవరెవరో, ఏ దేశాల వాళ్లో బాగుందని మెచ్చుకుంటున్నారు. నేను మా ఫైళ్లన్నీ తెరిచి చూసుకుని గుమ్మం దగ్గరికి పరుగెత్తాను.

"అన్నా, నీది వచ్చేసినాది. లైన్లన్నీ గీత గీసినట్టు నిల్చినాయి."

"డాక్టర్లది?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ నడిమధ్య చూపు కూడా అప్పటికి మసకబారింది, లేచి వచ్చి చూసుకోలేడు. నోరు రాలేదు.

"అది లేదన్నా. సగం కాడ నుంచి పక్కకు పోతానే ఉండాది. నేను ఇంకా తిరగరాయలే."

ఆయన తల ఊపాడు. "మిగతావన్నీ నాకు కంఠతా వచ్చేసినాయి మోహనా. చూడకుండానే చెప్తా యాడ ఏముందో. ఆ ఒక్క ఫైల్ కోసమే నేను అన్ని నెలలు కూర్చునింది."

ఫోన్ మోగింది. ఆయన చెయ్యి బల్ల మీద వెతుక్కుంటూ పోయి నీళ్ల సీసాకు తగిలింది. నేను రిసీవర్ తీసి ఆ చేతిలో పెట్టాను.