యూరియా లేకుండా మరోసారి

ఉప్పల్‌లో నాచారం బస్సెక్కితే, పక్కసీటు అమ్మాయి ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుని, అది మోగకూడదన్నట్టు చూస్తోంది. ఏదో పరిశోధనశాలలో పనిచేస్తుందట.

"ఏమైనా కబురు రావాలా అమ్మా?" అన్నాను.

"మా దోస్తు రిజల్ట్ అంకుల్. ప్రొటీన్‌ను మెషిన్ల తూకమేస్తే, ఉండాల్సినదానికన్న జర బరువొచ్చింది. ఇదివరకు ఎవ్వలు చూడని రసాయనమేదో దానికి అతుక్కున్నదని ల్యాబంత ఒకటే సంబురం. నేనేమో దానితోని, శాంపిల్‌ల యూరియా పోసి వేడిజేసినవ్ గదా, అదే అతుక్కున్నదేమో, యూరియా లేకుంట మళ్ల జెయ్యి అన్న."

"మంచి సలహాయేగా?"

"సలహా కాదంకుల్, కండ్లమంట. ఇద్దరం ఒక్కనాడే చేరినం. నాకేమో ఇప్పటిదాంక ఏం దొరకలే. దానిది గూడ ఉత్తదైతే మంచిగుండునని మొక్కుతున్న."

హబ్సిగూడ దాటాక ఫోన్ మోగింది. అవతలి మాటలన్నీ ఓపిగ్గా విని, "గట్లనా? మస్తు ఖుషీ అయితున్నదే," అంది. గొంతులో ఎక్కడా తేడా లేదు. ఫోన్ పెట్టేశాక కిటికీ వైపు తిరిగింది.

"యూరియా లేకున్నా బరువు గంతే ఎక్కువున్నదట, అంటే దానిది అసలుదే. నేనడగకుంటే రేపు ఎవలో ఒకలు గదే అడుగుతుండిరి. ఇగ దానికి ఆ ఫికర్ గూడ లేదు. నేనే తీసేసిన."

నాచారంలో నావైపు చూడకుండా దిగిపోయింది.

ఇప్పుడు నేను పనిచేసే పత్రిక డెస్కులో తోటివాడి వార్త మరీ బాగుందనిపిస్తే, అందులో నిజమెంతో కనుక్కోవడానికి ఫోనందుకునే ముందు, నాకెందుకింత తొందర అని కాసేపు ఆలోచిస్తాను. ఫోన్ మాత్రం చేస్తాను.