గోడలు చూసే ఇన్‌స్పెక్టరు

మనుషుల మొహాలు చూడకుండా గోడలు చూసే మనిషి ఆయన. తెనాలి ఆఫీసు నుంచి ఎంక్వైరీకి వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. ఎనభైల చివర, నాకు బాపట్ల వ్యవసాయ కాలేజీలో సీటొచ్చిన ఏడాది, భట్టిప్రోలులో మా ఇంటికి వచ్చాడు. మేం చర్చికి వెళ్తామని తేలితే నాకు ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వరు. అది లేకపోతే సీటూ ఉండదు. అందుకే ముందురోజే నాన్న యేసుప్రభువు పటం తీసి బియ్యం డబ్బాలో దాచాడు. పటం ఉన్నచోట మాత్రం పొగచూరని సున్నం పలకంత మేర తెల్లగా మిగిలిపోయింది.

ఆయన చూపు తిన్నగా అక్కడికే వెళ్లింది.

“ఇక్కడేంటమ్మా ఉండేది?”

“గడియారమండి. రిపేరుకిచ్చాం,” అంది అమ్మ. అబద్ధం అలవాటు లేని గొంతు అది.

ఆయన ఏమీ రాసుకోలేదు. మంచినీళ్లు అడిగాడు. గ్లాసు పట్టుకుని తల వంచి, కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు. అమ్మ నోట్లోంచి ‘ఆమెన్’ సగం దాకా వచ్చి ఆగింది. కళ్లు తెరిచిన ఆయన మొదటిసారి గోడను కాకుండా అమ్మను చూశాడు.

సర్టిఫికెట్ వచ్చింది.

“ఆయనా మన విశ్వాసే అయ్యుంటాడే,” అన్నాడు నాన్న.

“మరి నన్నట్టా ఎందుకు చూశాడు?” అంది అమ్మ.

ఆయన ప్రార్థన చేసుకున్నాడో, మమ్మల్ని పట్టుకోవడానికి ఎర వేశాడో నాకు ఈనాటికీ తెలియదు.

పటం బియ్యం డబ్బాలోనే ఉండిపోయింది. ఆ వారమే అమ్మ రేపల్లె వెళ్లి గోడ గడియారం కొనుక్కొచ్చి ఆ మేకుకే తగిలించింది.